చిన్న ట్యాంకులో పాచి తినడానికి ఏం వేయాలి?

పాలకొల్లు దగ్గర ఊరి నుంచి మీరు అడిగింది ఇది. పాప సరదా పడిందని 18 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తున్న ట్యాంక్ పెట్టారు. పెట్టి ఆరు వారాలైంది. ఎనిమిది గుప్పీ చేపలు, రెండు మొక్కలు, ఒక స్పాంజ్ ఫిల్టర్ ఉన్నాయి. పోసింది బోరు నీళ్లు. ఇప్పుడు అద్దాల మీద, రాళ్ల మీద గోధుమరంగు పొడి పేరుకుంటోంది. కిటికీ వైపు అద్దానికి పచ్చ చుక్కలు గట్టిగా పట్టుకున్నాయి. రెండు సక్కర్ చేపలు వేస్తే అవే శుభ్రం చేసేస్తాయని షాపతను అన్నాడు. పక్కింటి మాస్టారేమో కాలువలోంచి నత్తలు తెచ్చి వేయమన్నారు. ఈ రెండిట్లో ఏది మంచిది, వేరే ఏదైనా ఉందా అని మీ ప్రశ్న.

రెండూ వద్దండి. సక్కర్ అయితే అసలే వద్దు. ఈ నెల ఏమీ కొనకండి. ట్యాంక్ కుదురుకున్నాక, షాపుల్లో దొరికే నెరైట్ అనే పాచి గీకే చిన్న నత్తలు రెండు తెచ్చుకోండి, మీకు అవి చాలు. కారణాలు కూడా చెప్తాను. అవి తెలిస్తే రేపు ఇంకో షాపులో ఇంకో పేరు చెప్పినా మీరే తేల్చుకోగలరు.

ముందు మీ ట్యాంక్ ఎంతో చూద్దాం. ఆ కొలతలకు లెక్క కడితే 42 లీటర్లు వస్తుంది. పైన రెండంగుళాలు ఖాళీ, అడుగున రాళ్లు తీసేస్తే నిజంగా ఉండే నీళ్లు 32 నుంచి 35 లీటర్లు. అంటే రెండు మినరల్ వాటర్ టిన్నుల కన్నా తక్కువ. పాచి తినేవాటి గురించి ఆలోచించేటప్పుడు ఈ అంకెను మర్చిపోకూడదు. షాపుల్లో 'ట్యాంక్ క్లీనర్' పేరుతో అమ్మే చేపల్లో చాలావాటికి ఇన్ని నీళ్లు సరిపోవు. పైగా మీ గుప్పీల్లో ఆడవి ఉంటే సుమారు నెలకోసారి పిల్లలు పెడతాయి. ఎనిమిది ఉన్నచోట కొన్ని నెలల్లో ముప్పై అవుతాయి. ఆ చోటు కూడా ఇప్పుడే వదిలి పెట్టుకోవాలి.

ఇక పాచి ఎందుకు వస్తుందనేది. మీ వైపు చేపల చెరువులు చూసే ఉంటారు. బొచ్చె, శీలావతి పిల్లలు వదిలే ముందు రైతు చెరువులో పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీళ్లు పచ్చబడేదాకా ఆగుతాడు. ఎరువు, ఎండ రెండూ కలిస్తే నీళ్లు పచ్చబడతాయి. మీ ట్యాంకులోనూ జరుగుతున్నది అదే. ఎక్కువైన మేత, చేపల విసర్జన ఎరువు. కిటికీ ఎండ, ట్యూబులైటు వెలుతురు ఎండ. రైతుకు ఆ పచ్చదనం కావాలి, మీకు అక్కర్లేదు, తేడా అంతే. కాబట్టి ఎరువు, వెలుతురు తగ్గించకుండా పాచి తినేవాటిని ఎన్ని వేసినా అవి తిన్నదంతా విసర్జనగా మళ్లీ నీళ్లలోకే వస్తుంది. దాంతో మళ్లీ పాచి పెరుగుతుంది. పాచి తినే ప్రాణి కూడా మేత తినే ప్రాణే అని గుర్తుంచుకోండి. దాని భారం కూడా మీ ఫిల్టర్ మీదే పడుతుంది.

మీరు చెప్పిన గోధుమరంగు పొడిని డయాటమ్స్ అంటారు. కొత్త ట్యాంకుల్లో మొదటి రెండు మూడు నెలల్లో ఇది రావడం చాలా మామూలు. వేలితో రాస్తే మేఘంలా లేచిపోతుంది. ట్యాంక్ కుదురుకునేసరికి చాలాసార్లు దానంతట అదే తగ్గిపోతుంది. దీనికి టెన్షన్ పడాల్సిన పని లేదు. వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు పాత టూత్‌బ్రష్‌తోనో మెత్తటి స్పాంజితోనో తుడిచి, లేచిన పొడిని పైపుతో లాగేస్తే సరిపోతుంది. ఆ స్పాంజికి సబ్బు అంటకూడదు, గిన్నెలు తోమేది వాడకూడదు.

కిటికీ వైపు గట్టి పచ్చ చుక్కలు మాత్రం వేరే రకం. వెలుతురు ఎక్కువైనచోట అద్దానికి అతుక్కుని పెరుగుతాయి, వేలితో రావు. పాత ఏటీఎం కార్డు అంచుతోనో బ్లేడుతోనో గీకాలి. మీది గాజు ట్యాంక్ కాబట్టి బ్లేడు పర్లేదు, ఆక్రిలిక్ అయితే గీతలు పడతాయి. మూలల్లో సిలికాన్ అతుకు దగ్గర బ్లేడు ఆనించొద్దు, నీళ్లు కారడం మొదలవుతుంది. ఇంత గట్టి చుక్కల్ని చేపలేవీ పెద్దగా తినవు. కాస్తో కూస్తో గీకి తినగలిగేది నెరైట్ నత్తే.

ఇప్పుడు సక్కర్ సంగతి. దీని మీద కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఇది ఒక్క ట్యాంకుతో పోయే విషయం కాదు. షాపులో రెండంగుళాల పిల్లగా, అద్దానికి నోరు ఆనించి ముచ్చటగా కనిపిస్తుంది. అది దక్షిణ అమెరికా నదుల చేప, టెరిగోప్లిక్తిస్ అనే జాతి. పూర్తిగా పెరిగితే ఒకటిన్నర అడుగుల దాకా ఉంటుంది. మీ ట్యాంక్ పొడవే 18 అంగుళాలు! చిన్నప్పుడు పాచి బాగానే గీకుతుంది. పెరిగేకొద్దీ పాచి మీద ధ్యాస తగ్గి, అడుగున పడిన మేత వైపు తిరుగుతుంది. ఇది విసర్జించేది కూడా చాలా ఎక్కువ. దీన్ని వేసిన చిన్న ట్యాంకులో అడుగున ఎప్పుడూ దారాల్లాంటి మలం కనిపిస్తుంది, నీళ్లు త్వరగా పాడవుతాయి, పాచి ఇంకా పెరుగుతుంది. శుభ్రం కోసం తెచ్చిన చేపే ట్యాంకులో అన్నింటికన్నా పెద్ద భారం అవుతుంది.

అసలు సమస్య ఆ తర్వాత వస్తుంది. అరచేయి దాటాక ఇంట్లో ఉంచుకోలేక, చంపడానికి మనసు రాక, చాలామంది తీసుకెళ్లి పక్క కాలువలో వదిలేస్తారు. మన డెల్టాలో కాలువలో వదిలింది కాలువలో ఆగదు. పంట బోదెల్లోకి, చేపల చెరువుల్లోకి, అక్కడి నుంచి యనమదుర్రు లాంటి డ్రెయిన్లలోకి పోతుంది. ఇది పైకి వచ్చి గాలి కూడా పీల్చుకోగలదు, అందుకే ఆక్సిజన్ తక్కువైన మురికి నీళ్లలోనూ చావదు. మగది గట్లలో బొరియలు తవ్వి అందులో గుడ్లు కాపలా కాస్తుంది, దాంతో చెరువు గట్లు బలహీనపడతాయి. ఒంటి నిండా గట్టి పలకలు, రెక్కలకు ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, తీసే చేతులు గీసుకుపోతాయి. మార్కెట్లో కొనేవాళ్లుండరు. శీలావతికి వేసిన మేత ఇది తింటుంది. మన పత్రికల్లో 'దెయ్యం చేప' అని రాసేది దీని గురించే. చేపల మీద బతికే జిల్లాల్లో ఉంటూ మనమే దీన్ని కాలువల్లోకి చేర్చడం నాకు చాలా బాధగా ఉంటుంది. మీ దగ్గర గానీ, తెలిసినవాళ్ల దగ్గర గానీ ఇప్పటికే ఉంటే షాపుకే తిరిగి ఇచ్చేయండి. లేదంటే నాలుగడుగుల పైబడిన ట్యాంక్ ఉన్నవాళ్లకు ఇవ్వండి. అదీ కుదరకపోతే చిన్న బకెట్‌లో ట్యాంక్ నీళ్లు తీసుకుని, వేరే సీసాలో లవంగనూనెను గోరువెచ్చని నీళ్లతో బాగా గిలక్కొట్టి, కొద్దికొద్దిగా పోస్తూ బాధ లేకుండా నిద్రపుచ్చి చంపడం మేలు. కదలిక ఆగాక కూడా చాలాసేపు అలాగే ఉంచాలి. వినడానికి కఠినంగా ఉన్నా, కాలువలో వదలడం కన్నా అది మంచి పని.

బంగారు రంగులో సన్నగా ఉండే ఒక చేపను 'గోల్డెన్ సక్కర్' అనో 'గోల్డెన్ ఆల్గే ఈటర్' అనో అమ్ముతారు. సక్కర్ వద్దంటే షాపతను వెంటనే చూపించేది ఇదే. దాని అసలు పేరు చైనీస్ ఆల్గే ఈటర్. ఇది కూడా అడుగుకు దగ్గరగా పెరుగుతుంది. పెద్దదయ్యాక మిగతా చేపల్ని తరుముతుంది, నెమ్మదిగా ఈదేవాటి ఒంటికి అతుక్కుని జిగురు పొర పీల్చేస్తుంది. పొడవు తోకల గుప్పీల దగ్గర దీన్ని ఊహించుకోవడానికే భయం.

సయామీస్ ఆల్గే ఈటర్ నిజంగా మంచి పనివాడు. నల్లగా కుచ్చులా పెరిగే పాచిని తినే చేపలు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి. కానీ ఐదారు అంగుళాలు పెరుగుతుంది, చురుగ్గా ఈదడానికి పొడవైన ట్యాంక్ కావాలి. మూడున్నర, నాలుగు అడుగుల ట్యాంక్ పెట్టిన రోజున ఆలోచించండి. అప్పుడు కొనేటప్పుడు ఒంటి మీది నల్ల గీత తోక చివరి దాకా వెళ్లిందో లేదో చూసుకోవాలి. తోక మొదట్లోనే ఆగిపోతే అది వేరే చేప.

ఓటోసింక్లస్ అనే బుల్లి చేప, ఒకటిన్నర అంగుళం, చాలా పుస్తకాల్లో, వీడియోల్లో చిన్న ట్యాంకులకు మొదటి సలహాగా కనిపిస్తుంది. పరిమాణం చూస్తే సరిపోతుంది, డయాటమ్స్ అంటే దానికి ప్రాణం. అయినా మీకు వద్దంటాను. ఇవి ఎక్కువగా నదుల్లో పట్టి పంపేవే. దారిలో రోజుల తరబడి తిండి లేక కడుపు లోపలికి పోయి వస్తాయి. ఇంటికి వచ్చాక తినడానికి ట్యాంకులో పాత పాచి పొర ఉండాలి, ఆరు వారాల ట్యాంకులో అది ఇంకా తయారవదు. ఒంటరిగా ఉండలేవు, ఆరైనా ఉండాలి. పైగా మెత్తటి, కాస్త చల్లటి నీళ్లు ఇష్టపడతాయి. మీ బోరు నీళ్ల గట్టిదనం, మే నెలలో మన ఇళ్లలో నీళ్లకు పట్టే వేడి, ఇవి రెండూ వాటికి పడవు. తెచ్చిన నెలలోపే ఒక్కొక్కటిగా పోతుంటే పాప ఏడుస్తుంది.

రొయ్యలు పేరు వినగానే మన వాళ్లకు వనామీ గుర్తొస్తుంది. ఇవి అవి కావు, మంచినీళ్లలో బతికే చిన్న రొయ్యలు. అమానో రొయ్య రెండంగుళాలు ఉంటుంది, దారపు పాచిని బాగా తింటుంది. జపాన్ ఫోటోగ్రాఫర్ తకాషి అమానో తన మొక్కల ట్యాంకుల్లో వాడి దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు, ఆయన పేరే దీనికి వచ్చింది. దీని పిల్లలు పెరగాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి, అందుకే ఇళ్లలో పెరగవు, మన దగ్గర ఖరీదు ఎక్కువ. ఎర్రటి చెర్రీ రొయ్య చౌక, మంచినీళ్లలోనే పిల్లలు పెడుతుంది. మెత్తటి పాచిని, రాలిన మేతను రోజంతా ఏరుకుని తింటుంది. పెద్ద రొయ్యల్ని గుప్పీలు ఏమీ చేయవు, పిల్లల్ని మాత్రం దొరికితే మింగేస్తాయి. దట్టంగా నాచు మొక్కలు పెడితే కొన్ని మిగులుతాయి. రొయ్యలకు కొత్త ట్యాంక్ అస్సలు పడదు. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా, నైట్రైట్ అనే విషాలు కొంచెం కనిపించినా పోతాయి. మూడు నాలుగు నెలలు గడిచి, మొక్కలు బాగా పెరిగాక పాపకు చూపించడానికి ఒక పది తెచ్చుకోండి. చూడటానికి అంత ముచ్చటైనవి తక్కువ.

ఇక నెరైట్ నత్త. నా లెక్కలో మన డెల్టా నీళ్లకు, చిన్న ట్యాంకుకు, కొత్తవాళ్లకు ఇంతకన్నా సరిపోయేది లేదు. బఠానీ నుంచి ఉసిరికాయ దాకా సైజు. గుండ్రటి గట్టి గుల్ల. జీబ్రా చారలవి, పులి మచ్చలవి, కొమ్ములున్నవి ఇలా రకాలు. నాలుక మీద ఆకురాయి లాంటి పళ్ల వరసతో అద్దాన్ని, రాళ్లను గీకుతూ పోతుంది. దాని వెనకాల శుభ్రమైన దారి కనిపిస్తుంది, పాప దాన్నే గంటసేపు చూస్తూ కూర్చుంటుంది. డయాటమ్స్ తింటుంది, పచ్చ పొర తింటుంది, గట్టి చుక్కల్ని కూడా కొంత గీకుతుంది. బతికున్న మొక్కల జోలికి పోదు. అన్నింటికన్నా ముఖ్యం, మంచినీళ్లలో దీని సంతతి పెరగదు. పిల్ల దశకు ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. రెండు వేస్తే రెండే ఉంటాయి. ఆడది తెల్లటి నువ్వుగింజల్లాంటి గుడ్లను రాళ్ల మీద, చెక్క మీద అతికిస్తుంది. అవి పొదగవు, గీకితే తప్ప పోవు. దీనిలో ఉన్న పెద్ద ఇబ్బంది అదే, అది భరించలేనంటే నెరైట్ కొనొద్దు.

మీ బోరు నీళ్లు దీనికి వరం. గట్టి నీళ్లలో కాల్షియం ఉంటుంది, గుల్ల బలంగా ఉంటుంది. కొంతమంది మంచి చేద్దామని ట్యాంకులో పూర్తిగా ఆర్వో నీళ్లు పోస్తారు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు. నత్త గుల్ల కొన్ని నెలల్లోనే పైనుంచి తెల్లగా కరిగి గుంటలు పడుతుంది, గుప్పీలకూ అది మంచిది కాదు. నరసాపురం, మొగల్తూరు వైపు బోర్లు కొంచెం ఉప్పగా ఉంటాయి. గుప్పీ చేప, మోలీ చేప, నెరైట్ నత్త మూడూ ఆ కాస్త ఉప్పును తట్టుకుంటాయి. ఓటో లాంటివి తట్టుకోలేవు.

కొనేటప్పుడు షాపులో అద్దానికి గట్టిగా పట్టుకుని ఉన్నదాన్నే అడగండి. అడుగున తిరగబడి పడి ఉన్నదాన్ని వద్దనండి. రాజమండ్రి, కాకినాడ, విజయవాడ పెద్ద షాపుల్లో అడిగి చూడండి, లేకపోతే తెప్పించమనండి. రంగుచేపల వ్యాపారానికి పేరున్న చెన్నై కొళత్తూరు నుంచి పార్శిల్‌లో తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. మే నెలలో మాత్రం పార్శిల్ పెట్టించొద్దు. ఇంటికి తెచ్చాక కవర్‌ను అరగంట ట్యాంకులో తేల్చి, ఆ తర్వాత గంటసేపు కొద్దికొద్దిగా మీ నీళ్లు కలుపుతూ అలవాటు చేయండి. కవర్ నీళ్లు ట్యాంకులో పోయొద్దు. నత్తను బోర్లా కాకుండా, పాదం కిందికి ఉండేలా రాయి మీద పెట్టండి. చాలా నెరైట్లు తిరగబడితే తమంతట తాము లేవలేవు. మొదటి రెండు రోజులు కదలకపోతే కంగారు పడొద్దు. చచ్చిందో లేదో వాసనే చెప్తుంది, చచ్చిన నత్త వాసన దాచలేం. ట్యాంకుకు మూత ఉండాలి. రాత్రి పూట నీళ్ల పైకి పాకి బయటపడే అలవాటు వీటికి ఉంది, పొద్దున చూస్తే సోఫా కింద దొరుకుతాయి.

మీ ట్యాంకుకు రెండే. మూడోది వేస్తే పాచి అయిపోయి ఆకలితో పోతుంది. పాచి తగ్గిందనిపిస్తే వారానికోసారి చిన్న బీరకాయ ముక్కో, ఉడకబెట్టిన పాలకూర ఆకో వేసి, మర్నాడు మిగిలింది తీసేయండి. కూరగాయల మీద కొట్టిన మందు పోయేలా బాగా కడగాలి. నత్తలు తట్టుకోలేవు.

రామ్స్‌హార్న్ నత్తలు మొక్కలతో పాటు వాటంతటవే వస్తుంటాయి. చెడ్డవి కావు. మెత్తటి పాచిని, కుళ్లిన ఆకుల్ని తింటాయి. మేత ఎక్కువ వేస్తే వందలవుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి. వాటి సంఖ్యే మీరు ఎంత మేత వేస్తున్నారో చెప్పేస్తుంది. మిస్టరీ స్నెయిల్ అని పసుపు, నీలం రంగుల్లో పెద్ద నత్త అమ్ముతారు. పాచి తక్కువ, మిగిలిన మేత ఎక్కువ తింటుంది. ఉంచుకోవడంలో తప్పు లేదు గానీ బయట మాత్రం వదలకండి. దీని దగ్గరి బంధువైన గోల్డెన్ యాపిల్ నత్త ఫిలిప్పీన్స్‌లో లేత వరి నాట్లను నాశనం చేసింది. మనది వరి పండే నేల, ఆ కుటుంబం నత్తల్ని బోదెల దరిదాపుల్లోకి కూడా రానివ్వకూడదు.

పక్కింటి మాస్టారి సలహా మంచి మనసుతో చెప్పిందే. అయినా కాలువ నత్తలు మూడు కారణాల వల్ల వద్దు. పొలాల్లో దొరికే పెద్ద గుండ్రటి నత్త పాచి కన్నా మీ మొక్కల్ని ముందు తింటుంది. పొలాల మందులు కలిసిన నీళ్లు, జలగలు, తూనీగ పిల్లలు దాంతో పాటు వస్తాయి. తూనీగ పిల్ల గుప్పీ పిల్లల్ని పట్టి తినేస్తుంది. మూడోది పరాన్నజీవులు. పశువులకు ముక్కులో గురక తెప్పించే పురుగు కూడా ఒక రకం కాలువ నత్తలోనే పెరిగి బయటికొస్తుంది, ఇలాంటి పురుగుల పిల్లలు మన చర్మానికి తగిలితే దురద పుడుతుంది. పాప చేయి పెట్టే ట్యాంకులో అవి ఎందుకు? కోరింగ మడ అడవుల్లో నెరైట్ కుటుంబం నత్తలు సహజంగా ఉంటాయి, అక్కడి నుంచి ఏరుకొస్తే పోలా అని ఎవరైనా అంటే వినొద్దు. అది అభయారణ్యం. పైగా ఉప్పు నీళ్ల నుంచి ఒక్కసారిగా మంచినీళ్లలోకి వస్తే ఆ నత్తలు బతకవు.

కాలువలోంచి తెచ్చుకోదగ్గది ఒకటుంది, హైడ్రిల్లా లాంటి నాచు మొక్క. త్వరగా పెరుగుతూ పాచికి అందాల్సిన ఎరువును తనే లాగేసుకుంటుంది. పాచి తగ్గించడంలో ఏ చేప కన్నా ఇదే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. మందు కొట్టిన పొలం పక్క బోదెలో కాకుండా పెద్ద కాలువలో తీసుకోండి. పటిక కలిపిన నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి, బాగా కడిగి, వేరే బకెట్‌లో రెండు వారాలు ఉంచి, ఏ పురుగూ కనబడకపోతేనే ట్యాంకులో వేయండి.

ఒకవేళ నత్త అంటే పాపకు భయం, చేపే కావాలంటే, రెండు ఆడ మోలీలు వేయండి. రోజంతా అద్దాన్ని, ఆకుల్ని, నీళ్ల మీది పొరను పొడుస్తూ ఉంటాయి. గట్టి నీళ్లు వాటికి ఇష్టం. దారపు పాచిని కూడా కొంత తింటాయి. అప్పుడు గుప్పీల సంఖ్య తగ్గించుకోవాలి. ఎందుకంటే మోలీలు మూడు నాలుగు అంగుళాలవుతాయి. షాపులో మగవాటితో కలిసి ఉండి వచ్చినవైతే ఆడవి మాత్రమే తెచ్చినా పిల్లలు పెడతాయి.

ఈ నెల కొనొద్దన్న కారణం కూడా చెప్పాలి. కొత్త ట్యాంకులో చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషపూరిత భాగం దాదాపు పది రెట్లవుతుంది. బోరు నీళ్ల పీహెచ్ తరచుగా 8 దగ్గర ఉంటుంది కాబట్టి ఇది మనకు మరీ ముఖ్యం. దీనికి వేరే ఊళ్లవాళ్లకు లేని సదుపాయం మనకుంది. మీ చుట్టుపక్కల చెరువుల రైతుల కోసం వాటర్ టెస్టింగ్ ల్యాబులు ఉంటాయి. శుభ్రమైన సీసాలో ట్యాంక్ నీళ్లు, ఇంకో సీసాలో బోరు నీళ్లు పట్టుకెళ్లి పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, హార్డ్‌నెస్, ఆల్కలినిటీ చూడమనండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే నత్తలు.

చెరువుల మందులు అమ్మే ఆక్వా షాపుల విషయంలో ఒక జాగ్రత్త కూడా. చెరువుల్లో పాచి చంపడానికి మైలుతుత్తం వేస్తారు. అది రాగి. చాలా చిన్న మోతాదు కూడా నత్తల్ని, రొయ్యల్ని చంపగలదు. చేపలకు మచ్చల జబ్బు వస్తే వాడే కొన్ని మందుల్లో కూడా రాగి ఉంటుంది, సీసా మీద చదవండి. పాచి పోగొట్టే ద్రవం అని షాపుల్లో అమ్మేవాటి జోలికీ పోకండి. ఒకేసారి చచ్చిన పాచి కుళ్లితే 35 లీటర్లలో ఆక్సిజన్ పడిపోతుంది.

వేసవిలో కాలువలు కట్టేసిన నెలల్లో బోరు వదిలేసి పంచాయతీ కుళాయి నీళ్లు వాడాల్సి వస్తే క్లోరిన్ సంగతి చూసుకోండి. ఒక రోజంతా బకెట్‌లో ఏరియేటర్ (గాలి బుడగలు వదిలే పంపు) పెట్టి ఉంచండి, లేదా యాంటీక్లోరిన్ చుక్కలు వేయండి. ఆ నెలల్లో పాచి కూడా ఎక్కువే, పగలు పొడవు, నీళ్లు వేడి. 30 డిగ్రీలు దాటితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, కరెంటు పోయినప్పుడు ఇబ్బంది. బ్యాటరీతో నడిచే చిన్న ఏరియేటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ట్యాంకును కిటికీ దగ్గరి నుంచి జరపండి. నీళ్లు నిండా ఉండగా జరపొద్దు, అతుకులు విడిపోతాయి. ముప్పావు వంతు నీళ్లు బకెట్లలోకి తీసి, చేపల్ని వాటిలో ఉంచి జరపండి. జరపడం కుదరకపోతే ఆ వైపు అద్దానికి బయటి నుంచి నల్ల చార్ట్ పేపర్ అంటించండి. లైటు రోజుకు ఆరేడు గంటలే, మర్చిపోకుండా టైమర్ పెట్టుకోండి. మేత రోజుకొక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత. వారంలో ఒక రోజు అసలు వేయొద్దు, గుప్పీలకు ఏమీ కాదు. పాప ఎక్కువ వేస్తుందనుకుంటే రోజుకు సరిపడా మేత చిన్న పొట్లాలు కట్టి ఇవ్వండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకుండా, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి, లేకపోతే మంచి బ్యాక్టీరియా పోతుంది.

ఇలా మూడు వారాలు చేశాక గోధుమరంగు పొడి చాలావరకు తగ్గి ఉండాలి. ఎప్పుడైనా నీళ్లే పచ్చగా మారితే నత్తలు, చేపలు ఏవీ పనికిరావు, అది నీళ్లలో తేలే పాచి. లైటు ఆపి, ట్యాంకుకు దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు చీకటిలో ఉంచి, తర్వాత సగం నీళ్లు మార్చాలి. కప్పి ఉంచినన్నాళ్లూ ఏరియేటర్ ఆపొద్దు. నీలిపచ్చ రంగులో జిగురు దుప్పటిలా పరుచుకుని దుర్వాసన వస్తే అది అసలు పాచి కాదు, ఒక రకం బ్యాక్టీరియా. దాన్నీ ఏ ప్రాణీ తినదు, పైపుతో లాగేయాలి.

ల్యాబ్ రిపోర్ట్ వచ్చాక పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, హార్డ్‌నెస్ అంకెలు ఇక్కడ రాయండి. లైటు ఎన్ని వాట్లదో, మొక్కలు ఏవో కూడా రాస్తే, నత్తల్ని ఏ వారంలో తెచ్చుకోవచ్చో చెప్తాను.